దైఫల్లా తాగని కాఫీ

సల్త్ ఊళ్లో ఎవరి పెళ్లి మాట బెడిసినా, ఎవరి కొడుకు ఎవరి పన్ను రాలగొట్టినా ముందు తట్టేది దైఫల్లా తలుపే. పెద్దకొడుకు రాకాన్ పేరు మీద ఊరంతా ఆయన్ని అబూ రాకాన్ అంటుంది. ఆయన షేకూ కాదు, ఆస్తిపరుడూ కాదు. సల్త్ నుంచి అమ్మాన్‌కు మినీబస్సు నడిపి, నడుం నొప్పితో మానేసిన మనిషి. కానీ ఆ బస్సెక్కని కుటుంబం చుట్టుపక్కల లేదు, ఆయన కుశలం అడగని ముసలమ్మ లేదు. అందుకే ఆయన మాటకంత బరువు. జరీ అంచు నల్ల అంగీ భుజాన వేసుకుని, పదిమంది పెద్దల్ని వెంటబెట్టుకుని ఒక గడప తొక్కాడంటే పని అయిపోయినట్టే లెక్క.

మేం దాన్ని జాహా అంటాం. పిల్లనడగడానికైనా, పగలు తీర్చడానికైనా జాహాయే వెళ్లాలి. ఇంటాయన ఏలకుల కాఫీ పోయిస్తాడు. వచ్చినవాళ్లు కప్పు అందుకుంటారు గానీ తాగరు, ముందున్న బల్ల మీద పెట్టేస్తారు. మా కోరిక తీరిస్తే తాగుతాం అంటారు. అక్కణ్నుంచి ఇంటాయనకు పరీక్ష. అతిథి తాగని కాఫీ ఇంట్లో మిగిలిపోవడం కంటే చెంపదెబ్బ నయం. చాలామంది కప్పు మీది ఆవిరి పోకముందే తాగండయ్యా, మీరడిగింది ఇచ్చాను అనేస్తారు. దైఫల్లా ముందు పెట్టిన కప్పు ఇంతవరకూ చల్లారలేదు. ఆ మాట ఆయన పైకి అనడు. ఇంకొకళ్లు అంటుంటే మాత్రం మీసం సవరించుకుంటూ చివరిదాకా వింటాడు.

అలాంటివాడి కూతుర్ని, తండ్రి పేరైనా అడక్కుండా, ఒక యంత్రం పొమ్మంది.

కూతురి పేరు అరీజ్. రసాయనశాస్త్రంలో యూనివర్సిటీకి రెండో ర్యాంకు. చదువైపోయి ఐదేళ్లయినా పక్కింటి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూనే ఉంది. వెనకటికి ఉద్యోగం కావాలంటే కాళ్లరిగేలా తిరిగేవాళ్లు. ఇప్పుడు వేళ్లరిగేలా నొక్కాలి. ప్రతి కంపెనీకీ ఒక అకౌంటు, ప్రతి అకౌంటుకీ ఒక పాస్‌వర్డు. అందులో పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, వంకర గుర్తొకటి ఉండాలి, మర్నాటికి అది మనకు గుర్తుండకూడదు. బయోడేటా మొత్తం ఎక్కిస్తే తీసుకుని, థాంక్స్ చెప్పి, మళ్లీ అదే బయోడేటాని గళ్లల్లో టైపు చెయ్యమంటుంది. నువ్వు రోబోవి కాదని రుజువు చేసుకో అంటూ బొమ్మలు చూపించి, ట్రాఫిక్ లైట్లున్నవి ఏరమంటుంది. లైటు కింది స్తంభం లైటు లెక్కలోకి వస్తుందా రాదా అన్న ధర్మసందేహంలో ఆ పిల్ల ఎన్ని సాయంత్రాలు పాడుచేసుకుందో దేవుడికి తెలియాలి. అంతా నింపి చివరి బటన్ నొక్కబోతే, మీ సమయం అయిపోయింది, మొదట్నుంచి రండి అంటుంది.

పక్కన కూర్చుని ఇదంతా చూసి చూసి ఒకరోజు దైఫల్లా, "అడిగేది యంత్రమేగా తల్లీ. మనం మనుషులమేనని యంత్రానికి సాక్ష్యం చెప్పుకునే కర్మేంటి మనకి?" అన్నాడు. అరీజ్ నవ్వలేదు. అప్పటికామె మూడోసారి సైకిళ్లు ఏరుతోంది.

ఇలా ఉండగా ఎదుటి కొండ వాలులో ఉన్న మందుల ఫ్యాక్టరీ నుంచి ప్రకటన పడింది. మందుల నాణ్యత పరీక్షించే ల్యాబులో కెమిస్టు కావాలట. దైఫల్లా ఇంటి మిద్దె మీద బట్టలారేస్తుంటే ఆ ఫ్యాక్టరీ తెల్లగోడలు కనిపిస్తాయి. చదివిన చదువుకు అచ్చంగా సరిపోయే పని, నడిచి వెళ్లేంత దూరంలో. అరీజ్‌కి కాళ్లు నేలమీద నిలవలేదు. మిద్దె మీదికి వెళ్లి ఆ గోడల్ని చూసొచ్చింది, కిందికొచ్చి ప్రకటన చదివింది, మళ్లీ మిద్దె ఎక్కింది. ఇదీ రాకపోతే ఇక ఎక్కడా అప్లై చెయ్యను, ల్యాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానని తల్లి ఉమ్ రాకాన్‌తో చెప్పేసింది. ఆ పిల్ల అన్న మాట మీద నిలబడే రకం, తండ్రి పోలిక. అందుకే ఇంట్లో అందరికీ గుండెల్లో దడ మొదలైంది.

ఫారం నింపే రోజున దైఫల్లా కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు కరెంటు పోలేదు, నెట్టు నత్తనడక నడవలేదు, పాస్‌వర్డు మొదటిసారికే నచ్చింది. చివరి పేజీ దాకా వచ్చేశారు. అక్కడ ఒక ప్రశ్న ఉంది. ఈ సంస్థలో మీకు బంధువులు గానీ దగ్గరివాళ్లు గానీ ఉన్నారా? కింద రెండు గళ్లు, ఉన్నారు, లేరు అని. అరీజ్ చెయ్యి 'లేరు' వైపు వెళ్లింది.

"ఆగాగు," అన్నాడు దైఫల్లా. "లేరని ఎలా రాస్తావు? గేటు దగ్గర హానీ లేడూ?"

"హానీ మనకేమవుతాడు నాన్నా?"

"వాళ్ల నాన్న ఏళ్ల తరబడి నా బస్సెక్కాడు. బంధువే అనుకో. ఎవరూ లేరని రాసుకోడానికి మనమేమన్నా దిక్కులేనివాళ్లమా?"

ఇది ఆ ఇంట్లో కొత్త సంగతి కాదు. ఆ ప్రశ్న చాలా ఫారాల్లో ఉండేది, అది కనిపిస్తే చాలు దైఫల్లాకి ప్రాణం లేచొచ్చేది. మిగతా ఫారమంతా ఎవరి భాషలోనో ఉంటే ఆ ఒక్క ప్రశ్నా తన భాషలో అడిగినట్టుండేది. బ్యాంకుకైతే అక్కడి డ్రైవర్ని, కాలేజీకైతే అక్కడ టీ కాచే మనిషిని, ఎవర్నో ఒకర్ని గుర్తు తెచ్చుకుని పేరు రాయించేవాడు. అడగందే అమ్మయినా పెట్టదు, అడిగేవాడు తెలిసినవాడైతే సవతి తల్లయినా పెడుతుందన్నది ఆయన సిద్ధాంతం. అరీజ్ మొదట్లో వాదించేది. తర్వాత్తర్వాత ఓపిక లేక మానేసింది. ఈసారీ 'ఉన్నారు' మీద నొక్కి, హానీ పేరు రాసి, పంపించేసింది.

ఉమ్ రాకాన్ అందరికీ టీ పోసింది. దైఫల్లా రెండు చెంచాల చక్కెర వేసుకుని కలపడం మొదలుపెట్టాడు. చక్కెర కరగనే లేదు, టింగుమంటూ మెయిలు వచ్చింది. ప్రియమైన అరీజ్, మీ దరఖాస్తును జాగ్రత్తగా పరిశీలించిన మీదట ముందుకు తీసుకెళ్లలేకపోతున్నందుకు చింతిస్తున్నాం, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. ఇట్లు, నూర్, నియామక విభాగం.

దైఫల్లా దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. కాదన్నందుకు కాదు ఆయనకు మండింది, జాగ్రత్తగా పరిశీలించామన్నందుకు. కాదనేవాడైనా ముందు కూర్చోమంటాడు, మంచినీళ్లిస్తాడు, మీ నాన్న బాగున్నాడా అంటాడు. అప్పుడు కాదంటాడు. ఇదెక్కడి మర్యాద?

"ఎవరీ నూర్? ఎవరి పిల్ల? వాళ్లది ఏ ఊరు?" అన్నాడు.

"మనిషి కాదు నాన్నా. కంప్యూటర్ ప్రోగ్రాం. దానికా పేరు పెట్టారంతే," అంది అరీజ్. ల్యాప్‌టాప్ మూసి తన గదిలోకి వెళ్లి తలుపు మెల్లగా వేసుకుంది. ధడాల్న వేసుకున్నా ఆయనకు అంత భయం వేసేది కాదు.

మర్నాడు పొద్దున్నే దైఫల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నాడు. హానీ లేచి నిలబడి సలాం చేశాడు గానీ గేటు తియ్యలేదు. లోపలికి పంపిస్తే తన ఉద్యోగం పోతుందని, ఏదైనా ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవాలని ప్రాధేయపడ్డాడు. పెట్టాం, నూర్ పొమ్మంది అని దైఫల్లా చెబితే హానీ నవ్వేశాడు. లోపల స్టోరులో పని కోసం పెట్టుకుంటే ఆ నూర్ తననూ రెండుసార్లు పొమ్మందట.

"సరే, యంత్రమే అనుకో. యంత్రానికైనా ఒక పెద్ద ఉంటాడుగా. అది ఎవరి మాట వింటుంది?" అన్నాడు దైఫల్లా.

హానీ బుర్ర గోక్కున్నాడు. "బాసిల్ గారి మాట వినాలి మామయ్యా. ఉద్యోగాలన్నీ చూసేది ఆయనే. అమ్మాన్ నుంచి వస్తాడు."

"ఆ బాసిల్ ఎవరి మాట వింటాడు?"

"వాళ్ల నాన్నంటే హడల్ ఆయనకి. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు, అబూ బాసిల్ అంటారు."

దైఫల్లాకి దారి దొరికింది. కుర్రపిల్ల తప్పు చేస్తే కుర్రపిల్లతో పోట్లాడతామా? ఇంటి పెద్ద దగ్గరికి వెళ్తాం. నూర్‌కి పెద్ద బాసిల్, బాసిల్‌కి పెద్ద అబూ బాసిల్. ఇంత తిన్నని దారి ఉండగా ఊళ్లో పిల్లలంతా గళ్లు నింపుకుంటూ కూర్చోవడమేంటని ఆయనకు నవ్వొచ్చింది కూడా. గడువు శనివారం సాయంత్రం దాకా ఉంది. శుక్రవారం నమాజు కాగానే జాహా అని అక్కడికక్కడే నిర్ణయించేశాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మధ్యాహ్నానికల్లా సంగతి బజారంతా పాకింది. ఇన్నాళ్లూ అందరి కోసం వెళ్లిన మనిషి తన కోసం వెళ్తుంటే ఎవరు ఇంట్లో కూర్చుంటారు? అంగీలు ఇస్త్రీకి వెళ్లాయి. కార్లున్నవాళ్లు కార్లు కడిగించారు. ఎవరికి వాళ్లు తమ పిల్లలకొచ్చిన నూర్ మెయిళ్లు తలుచుకుని పళ్లు నూరారు. ఒకాయన మనవడికి అదే మెయిలు పుట్టినరోజు నాడు వచ్చిందట. వెళ్లేది ఉద్యోగం కోసమో యుద్ధానికో తెలియనంత హుషారు పుట్టింది జనానికి.

ఒక్కటే చిక్కు. ఎవరి పని మీద జాహా వెళ్తుందో వాళ్లు నోరు విప్పకూడదు, ఇంకొకరు మాట్లాడాలి. జీవితమంతా మాట్లాడిన దైఫల్లా ఈసారి మూగనోము పట్టాలి. ఆయన బదులు మాట్లాడ్డానికి బట్టల కొట్టు అబూ హన్నా ముందుకొచ్చాడు. ఆదివారం చర్చి ఎంత తప్పదో శుక్రవారం జాహా అంత తప్పదు ఆయనకు. మంచివాడే, కానీ కొత్త గుడ్డ చింపినట్టు మాట్లాడతాడు, మొదలుపెడితే ఆపడం కష్టం. ఆదాము దగ్గర ఎత్తుకోవద్దు, నోవహు దగ్గర్నుంచి చెప్పు చాలని దైఫల్లా బతిమాలుకున్నాడు.

అరీజ్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెబితే గుమ్మానికి అడ్డం పడుకుంటుందని ఉమ్ రాకాన్‌కు తెలుసు. అమ్మాన్‌లో ఎవరిదో పెళ్లి మాటలని చెప్పి తండ్రిని సాగనంపింది.

చిత్రమేమిటంటే అబూ బాసిల్ కూడా అదే అనుకున్నాడు. సల్త్ నుంచి జాహా వస్తోందని ఫోనులో విన్నాడు, విషయం అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు. పెళ్లి కావలసిన కూతురు రీమా ఇంట్లో ఉంది. ఇంకేం, కుర్చీలు వేయించాడు, పెద్ద పళ్లెం నిండా పాకం కారే కునాఫా మిఠాయి తెప్పించాడు. కార్ల వరస వచ్చి వీధిలో ఆగేసరికి ఆడవాళ్లంతా పక్కగది తలుపు సందుకు చేరారు. బాసిల్ కొత్త చొక్కా వేసుకుని తండ్రి పక్కన నిలబడ్డాడు.

అందరూ కూర్చున్నారు. కాఫీ వచ్చింది. పెద్దలు కప్పులందుకుని ఒకరి తర్వాత ఒకరు బల్ల మీద పెట్టారు. అబూ హన్నా లేచి గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంటి కీర్తి, ఆ వంశం ఔదార్యం, రెండు ఊళ్ల మధ్య నీళ్లూ గాలీ, అన్నీ అయ్యాక, మేం మీ ఇంటి బిడ్డ విషయమై వచ్చాం అన్నాడు. అబూ బాసిల్ కళ్లు తడయ్యాయి. ఆ బిడ్డ పేరు నూర్ అన్నాడు అబూ హన్నా. తలుపు వెనక గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి.

"మా అమ్మాయి పేరు రీమా అండీ," అన్నాడు అబూ బాసిల్.

బాసిల్ ముఖంలో రంగు మారింది. "నూర్ అంటే మా ఆఫీసులో ప్రోగ్రాం నాన్నా. దరఖాస్తులు చూస్తుంది," అన్నాడు నేలచూపులు చూస్తూ.

అబూ హన్నాకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట తడబడింది. పిల్లది కాదు, మరమనిషి, మనిషి కూడా కాదు, అయినా మీ బాధ్యతలో ఉన్నది అంటూ నీళ్లు నమిలాడు. కాఫీ మీద ఆవిరి పల్చబడుతోంది. ఇక దైఫల్లా వల్ల కాలేదు. లేచాడు.

"అబూ బాసిల్, నేను పిల్ల తండ్రిని. నోరు విప్పకూడదు, విప్పుతున్నా, తప్పు కాయండి. నా కూతురికి ఉద్యోగమివ్వమని అడగటంలేదు. అది పెట్టుకున్న అప్లికేషన్ ఒక మనిషి చదవాలి, అంతే. చదివి పనికిరాదంటే పనికిరాదనండి. ఆ మాట మనిషి నోట్లోంచి వస్తే చాలు, కాఫీ తాగి వెళ్లిపోతాం."

అబూ బాసిల్ కొడుకువైపు తిరిగాడు. పేపరు చదవకుండా మార్కులేసిన పంతుల్ని నా స్కూల్లో ఏం చేసేవాణ్ణో నీకు తెలుసుగా అన్నాడు. అది తీసేసినవి మా దాకా రావని బాసిల్ గొణిగాడు.

"రాకపోతే నువ్వే వాటి దాకా వెళ్లు. కాఫీ చల్లారుతోంది."

బాసిల్ పరుగున వెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చాడు. పెద్దలంతా కుర్చీలు జరుపుకుని చుట్టూ మూగారు. తలుపు వెనకవాళ్లు కూడా తలలు బయటపెట్టారు. అరీజ్ పేరు దొరికింది. బాసిల్ చదవడం మొదలుపెట్టాడు. ర్యాంకు చదివి కనుబొమలెత్తాడు, ఆమె చేసిన ప్రాజెక్టు గురించి చదివి తలూపాడు. మేం వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి మనిషినే, ఎందుకు తీసేసిందో నాకే తెలియట్లేదని పైకే అన్నాడు. దైఫల్లా ఛాతీ ఉప్పొంగింది. అబూ హన్నా ఆయన తొడ మీద చరిచాడు. నేను చెప్పలా, నేను చెప్పలా అని వెనకనుంచి ఎవరో అంటున్నారు. అప్పుడు బాసిల్ చివరి పేజీకి వచ్చి ఆగిపోయాడు.

"మామయ్యా, గేటు దగ్గరి హానీ మీకేమవుతాడు?"

"బంధువే," అన్నాడు దైఫల్లా, హుందాగా.

"అదే కారణం. సంస్థలో మనవాళ్లున్నారని రాసినవాళ్లని నూర్ ముందే పక్కన పెట్టేస్తుంది. సిఫార్సులు ఎక్కువైపోయాయని మా యజమాని పెట్టించిన రూలు. ఇప్పుడు చాలాచోట్ల అంతే."

"చాలాచోట్లా?"

"పెద్ద కంపెనీల్లో దాదాపు అన్నిట్లో."

దైఫల్లా కూర్చుండిపోయాడు. బ్యాంకు డ్రైవరు గుర్తొచ్చాడు, కాలేజీలో టీ కాచే మనిషి గుర్తొచ్చాడు. ప్రతిసారీ 'లేరు' మీదికి వెళ్తున్న కూతురి చెయ్యి గుర్తొచ్చింది, ఆగాగు అన్న తన గొంతు గుర్తొచ్చింది. ఐదేళ్ల పాటు ఆ పిల్ల ఏ తలుపు తట్టినా, లోపలినుంచి గడియ పెట్టింది తనే. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే పెద్ద దుఃఖం వచ్చింది. ఇంతమందిలో ఏడవకూడదని అంగీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

అబూ బాసిల్ మంచి మనసున్నవాడు. అతిథి ముఖం చూడలేకపోయాడు. ఓస్, ఇంతేనా అని తేలిగ్గా నవ్వి, ఇంతమంది పెద్దలు నా గడప తొక్కాక ఇంకా రూలేమిటి, సంగతంతా బాసిల్ చూసుకుంటాడు, మీరడిగింది ఇచ్చేశాం, కాఫీ తాగండి అన్నాడు. హమ్మయ్య అంటూ చేతులన్నీ బల్ల మీదికి వెళ్లాయి. అబూ హన్నా కప్పు అప్పుడే పెదాల దాకా వచ్చింది.

"ఆగండి," అన్నాడు దైఫల్లా.

చేతులాగాయి. ఆయన బాసిల్ వైపు తిరిగాడు. "బాబూ, హానీ ఇల్లెక్కడో కూడా నాకు తెలీదు. వాడెప్పుడూ మా ఇంటికి రాలేదు. ఇప్పుడు మా పిల్ల 'లేరు' అని పెడితే అబద్ధమవుతుందా?"

"కాదు మామయ్యా. మొదట్నుంచీ నిజం అదే. పాతది వెనక్కి తీసుకోవచ్చు, రేపు సాయంత్రం దాకా ఎవరైనా మళ్లీ పెట్టుకోవచ్చు. అందరికీ చెప్పేదే మీకూ చెబుతున్నా."

"మరి నేనీ కాఫీ తాగాక?"

దీనికి జవాబు అబూ బాసిల్ చెప్పాడు. "తాగాక మీరు మాకు పరాయివాళ్లెలా అవుతారు?"

"అదేగా. అప్పుడు నా కూతురు మళ్లీ 'ఉన్నారు' అనే రాయాలి." దైఫల్లా లేచి అంగీ సర్దుకున్నాడు. "అబూ బాసిల్, మేం మీ ఇంటికి రాలేదు. మీరెవరో మాకు తెలీదు. ఇందాకిస్తానన్నది కూడా మీ దగ్గరే ఉంచుకోండి."

"నా ఇంట్లో ఇంతవరకూ కప్పు మిగల్లేదు అబూ రాకాన్."

"నా ముందూ చల్లారలేదు. ఇవాళ ఇద్దరికీ పోయింది."

అబూ బాసిల్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. పదిమంది పెద్దలు నిండు కప్పులు వదిలి, కునాఫా పళ్లెం పక్కనుంచి నడిచి బయటికొచ్చారు. కునాఫా కూడా కాఫీ లెక్కలోకే వస్తుందా అని అబూ హన్నా మెట్ల మీద నెమ్మదిగా అడిగాడు. కార్లెక్కాక ఎవరికీ నోరు ఆగలేదు. ఇలాంటి జాహా తాతల నాటి నుంచి వినలేదని ఒకరు, మనవడి ఫారంలో తన పేరు రాయించింది వెంటనే తీయించాలని ఇంకొకరు. ఆ సాయంత్రం సల్త్‌లో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది మావయ్యలు ఫారాల్లోంచి ఊడిపోయారో చెప్పలేం.

ఇంటికొచ్చాక దైఫల్లా అంగీ కూడా తియ్యకుండా కూతురి గది తలుపు తట్టాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. నిన్ను కాదన్నది నూర్ కాదు తల్లీ, నేనే అన్నాడు. అరీజ్ మంచం అంచున కూర్చుని వింది. ఐదేళ్లు నాన్నా అంది ఒక్క మాట. కాసేపటికి ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. నిండు కప్పులు వదిలేసి నిజంగానే లేచొచ్చేశారా అని అడిగింది. వచ్చేశామన్నాడు. అబూ హన్నా కూడానా అంది. ఆయన తలూపేసరికి, ఏడుపులోంచే నవ్వొచ్చింది అరీజ్‌కి. ల్యాప్‌టాప్ తీసి ఆయన ఒళ్లో పెట్టి, "ఈసారి మీరు నొక్కండి," అంది.

పాత అప్లికేషన్ వెనక్కి తీసుకున్నారు. మళ్లీ గళ్లన్నీ నింపారు. చివరి పేజీ వచ్చింది. స్టీరింగు తిప్పి మొద్దుబారిన వేలితో దైఫల్లా 'లేరు' నొక్కాడు. ఇంకా రోబోవి కాదని తేలాలిగా. బస్సులున్న బొమ్మలు ఏరమంది. అరీజ్ తండ్రి ముఖం చూసింది. మూలన చెట్టు చాటున సగం కనిపిస్తున్న మినీబస్సును సైతం ఆయన వదల్లేదు. మొదటిసారికే ఒప్పుకుంది యంత్రం.

పంపించారు. ఉమ్ రాకాన్ టీ పోసింది. ఎవరూ ముట్టుకోలేదు. దైఫల్లా చక్కెర వేసి కలిపాడు. చక్కెర కరిగింది. టింగుమనలేదు. ఇంకాసేపు కలిపాడు. అయినా టింగుమనలేదు. నెట్టు ఉందా అని ఉమ్ రాకాన్ అడిగితే ఉందంది అరీజ్. ఆయన టీ తాగేశాడు, ఇంకో గ్లాసూ తాగేశాడు. నూర్ నోరు విప్పలేదు. ఇక ఉమ్ రాకాన్ పట్టలేక లేచి నిలబడి, పెళ్లిళ్లలో పెట్టినట్టు నాలుక తిప్పుతూ గొంతెత్తి కేక పెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఉద్యోగం వచ్చిందేమోనని పరుగెత్తుకొచ్చారు. ఏమీ రాలేదమ్మా, అదే సంతోషం అని వాళ్లందరికీ చెప్పలేక చచ్చింది అరీజ్.

మరుసటి వారం ఫోను మోగింది. మాట్లాడింది అచ్చంగా ఒక మనిషి, అందులోనూ జలుబు చేసిన మనిషి. మాట్లాడుతూ మధ్యలో తుమ్మితే అరీజ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో బాసిల్ లేడు, ఈ ఒక్కదానికీ తను కూర్చోనని ముందే తప్పుకున్నాడట. రెండు గంటలు అడిగారు. అరీజ్ రెండు గంటలూ చెప్పింది. నెల తిరక్కుండా తెల్ల కోటు వేసుకుని ఆ గేటులోంచి లోపలికి నడిచింది. హానీ నిలబడి గేటు తీశాడు. మిద్దె మీద బట్టలారేసే వంకతో తల్లీ, ఏ వంకా లేకుండా తండ్రీ నిలబడి చూశారు.

ఆ శుక్రవారం దైఫల్లా మళ్లీ నల్ల అంగీ వేసుకున్నాడు. అబూ హన్నా ఒక్కణ్ణే వెంటబెట్టుకుని అమ్మాన్ వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టాడు. అబూ బాసిల్ స్వయంగా తలుపు తీశాడు. చూసి గుర్తుపట్టి, ముఖం మాత్రం బిగించాడు.

"ఎవరండీ మీరు?"

"దైఫల్లా అంటారు, సల్త్ నుంచి. మీకు తెలీదు నేను. మా అమ్మాయికి ఉద్యోగమొచ్చింది, దాని గురించి మీకు చెప్పుకోవాల్సింది కూడా ఏం లేదు."

"లోపలికి రండి," అన్నాడు అబూ బాసిల్.

కాఫీ వచ్చింది. అలవాటు కొద్దీ దైఫల్లా చెయ్యి కప్పును బల్లవైపు దించబోయింది. మళ్లీ ఏం కోరికయ్యా అని అబూ బాసిల్ కంగారుపడ్డాడు. కోరికేం లేదని నవ్వి, దైఫల్లా ఆ కాఫీ వేడివేడిగా గుటకేసి, ఖాళీ కప్పు మళ్లీ చాచాడు.

"ఇంకోటి పొయ్యండి. పోయినసారిది బాకీ ఉంది."